మెదడు గడ్డకు 'కరెంటు' వైద్యం – రేడియం కాలము నుండి నేటి వరకు



మన ఇళ్లలో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిసి పెద్ద దవాఖానాకు తీసుకపోతే, పలకరించ వచ్చిన చుట్టాలు అడిగే మాట ఒకటి ఉన్నది: "కరెంటు పెట్టించినారా?" దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా ఇదే మాట, ఎల్.బి.నగర్‌లోనైనా ఇదే మాట. నల్గొండ నుంచి బస్సు దిగి వచ్చిన మేనమామ నోటనైనా ఇదే మాట. డాక్టర్లు దానిని రేడియేషన్ అంటారు, పుస్తకాలలో వికిరణ చికిత్స అని వ్రాస్తారు. జనం మాత్రం కరెంటు అనే అంటారు.

ఆ పేరులోనే సగం భయమున్నది. అందునా మెదడులో గడ్డ అని చెప్పి, "తలకు కరెంటు పెట్టాలి" అంటే ఆ ఇంటిల్లిపాది గుండె జారిపోతుంది. తలకు షాకులిస్తారేమో, మతి పోతుందేమో, ఇంట్లో పిల్లలకు కూడా ఏమైనా సోకుతుందేమో అనే అనుమానాలు లేస్తాయి. కొందరు మొదలే పెట్టించరు. కొందరు పది రోజులు పోయి మానేస్తారు. కనుక ఈ వైద్యం ఎక్కడ పుట్టింది, మన నగరానికి ఎట్లా వచ్చింది, పెద్దవారి మెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డలకు దీని వల్ల ఎంత మేలు, ఎంత కాదు అన్న సంగతులను చరిత్ర రూపంగా సభ్యుల ముందు ఉంచుతున్నాము. తెలిసిన దానికి భయం తక్కువ కదా!

కిరణాలు కనిపెట్టిన రోజులు

1895 నవంబరులో జర్మనీ దేశంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే ప్రొఫెసరు, గాలి తీసిన గాజు గొట్టంలోనికి విద్యుత్తు పంపి చూస్తుండగా, కంటికి కనిపించని ఒక కొత్త కిరణం బయటపడినది. అది ఏమిటో తెలియక దానికి 'ఎక్స్' అని పేరు పెట్టినాడు. ఆ కిరణంతో తన భార్య చేతిని ఫోటో తీస్తే లోపలి ఎముకలు, వేలి ఉంగరం కనిపించినవి. మరుసటి సంవత్సరమే, అనగా 1896లో, ఫ్రాన్సు దేశంలో హెన్రీ బెకెరెల్ యురేనియం లవణాలు తమంతట తామే ఇటువంటి కిరణాలను విడుస్తాయని కనుగొన్నాడు. 1898లో మేరీ క్యూరీ, పియేర్ క్యూరీ దంపతులు రేడియం అనే మూలకాన్ని కనుగొన్నారు.

ఈ రెండింటికీ చర్మాన్ని కాల్చే గుణం ఉన్నదని త్వరలోనే తెలిసిపోయింది. మంచి కండను కాల్చేది చెడ్డ గడ్డను కూడా కాల్చదా అనే ఆలోచన అక్కడే పుట్టింది. ఇరవయ్యవ శతాబ్దం మొదటి సంవత్సరాల నాటికే ఐరోపా, అమెరికా దవాఖానాలలో క్యాన్సర్ పుండ్లకు ఈ కిరణాలను వాడసాగినారు.

రేడియం అంటే ఆ రోజులలో బంగారం దాని ముందర దిగదుడుపే. 1921లో అమెరికా స్త్రీలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి ఒక్క గ్రాము రేడియం కానుకగా ఇచ్చినారు. దాని ఖరీదు లక్ష డాలర్లు! అంతటి వస్తువును సూదులలో, గొట్టాలలో పెట్టి గడ్డ దగ్గర ఉంచేవారు. నోటి క్యాన్సరుకు, ఆడవారి గర్భసంచి ముఖద్వారం క్యాన్సరుకు అది బాగా అనువైనది. మెదడు మాత్రం పుర్రె లోపల భద్రంగా ఉండే అవయవం. అక్కడికి సూది పోనివ్వడం సులభం కాదు. కనుక తలకు బయటి నుంచి యంత్రంతో కిరణాలు పంపడమే దారి అయినది.

ఆ యంత్రాలను 'డీప్ ఎక్స్‌రే' అనేవారు. రెండు లక్షల వోల్టులు, అంతకు మించిన విద్యుత్తుతో అవి నడిచేవి. మన జనం నోట 'కరెంటు' అనే పేరు నిలవడానికి ఇటువంటి యంత్రాలే కారణమై ఉండాలని మా ఊహ. నిజానికి రోగి ఒంటిలోనికి కరెంటు పోదు. కరెంటు యంత్రానికి, కిరణం రోగికి. ఎక్స్‌రే ఫోటో తీసేటప్పుడు ఎట్లా ఏమీ తెలియదో, ఈ వైద్యం జరిగేటప్పుడు కూడా నొప్పి గాని షాకు గాని తెలియదు.

హైదరాబాదులో నవాబు మెహదీ నవాజ్ జంగ్

మన దేశంలో క్యాన్సర్ కొరకే ప్రత్యేకంగా కట్టిన దవాఖానాలు వేళ్ల మీద లెక్కించదగినవి ఉండేవి. బొంబాయిలో టాటా మెమోరియల్ 1941లో తెరిచినారు. మద్రాసు అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైనది. ఆ మరుసటి సంవత్సరమే, 1955లో, మన హైదరాబాదులో క్యాన్సర్ దవాఖానాకు పునాది వేసిన వారు నవాబు మెహదీ నవాజ్ జంగ్ గారు.

వారిని గూర్చి నాలుగు మాటలు చెప్పడం మన ధర్మం. 1894లో జన్మించిన వారు నిజాం ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగాలు చేసినారు. రాళ్లు రప్పలతో నిండిన బంజారా హిల్స్‌లో మొదట ఇల్లు కట్టుకొని, అది బస్తీగా రూపు దిద్దుకోవడానికి కారకులైన వారిలో ముఖ్యులు. హైదరాబాదు రాష్ట్రంలో బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గంలో మంత్రిగా పని చేసినారు. 1960లో గుజరాతు రాష్ట్రం ఏర్పడినప్పుడు దానికి మొట్టమొదటి గవర్నరు వారే. 1967లో పరమపదించినారు. ఇన్ని పదవులు చేసిన మనిషి పేరు ఈనాడు ఎక్కువగా వినిపించేది మాత్రం దవాఖానా చీటీల మీదనే. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ హాస్పిటల్‌లోని మూడు అక్షరాలు మెహదీ నవాజ్ జంగ్ అనే పేరుకు పొడి అక్షరాలు. ఆ దవాఖానాకు పోయివచ్చే మన వారిలో చాలమందికి ఈ సంగతి తెలియదు. పాతవారు దానిని రేడియం ఇన్‌స్టిట్యూట్ అని కూడా అనేవారు. అనగా మన నగరంలో క్యాన్సర్ వైద్యమూ, కిరణ వైద్యమూ ఒకే గడప నుంచి నడక మొదలుపెట్టినవని తెలుస్తున్నది.

తర్వాత అది సర్కారు దవాఖానా అయినది, ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రమైనది. తెలంగాణ జిల్లాల నుంచే గాక చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి కూడా బీదసాదలు వచ్చే చోటు అది. అరబిందో ఫార్మా ఫౌండేషన్ వారు కట్టించిన కొత్త బ్లాకు 2023లో ప్రారంభమైనది. హిందువు, ముసల్మాను, క్రైస్తవుడు అనే భేదం లేక ఒకే వరుసలో కూర్చొని తమ నెంబరు కొరకు ఎదురుచూసే ఆ వరండా, ఒక మనిషి సంకల్పం ఎంతమందికి నీడ కాగలదో చెబుతుంది.

కొంచెం కొంచెముగా ఎందుకు?

"ఒక్కసారే పెట్టి పంపించరాదా, ఆరు వారాలు తిప్పడమెందుకు?" అని మనవారు విసుక్కుంటారు. దీనికి జవాబు సుమారు నూరేండ్ల క్రిందట పారిస్ నగరంలో దొరికినది. క్లాడ్ రెగో అనే శాస్త్రజ్ఞుడు పొట్టేళ్ల మీద పరీక్షలు చేసినాడు. కిరణాన్ని ఒక్కసారే ఎక్కువగా పెడితే పైచర్మం కాలి పుండవుతుంది. అదే కిరణాన్ని చిన్న చిన్న భాగాలు చేసి కొన్ని రోజుల పాటు పెడితే, లోపల చేయవలసిన పని జరుగుతుంది, చర్మం నిలుస్తుంది. ఆంరీ కూటార్ అనే డాక్టరు ఈ పద్ధతినే గొంతు క్యాన్సర్ రోగులకు వాడి, 1920ల దశకంలో మంచి ఫలితాలు చూపించినాడు.

ఇందులోని కీలకం తేలికగానే అర్థమవుతుంది. కిరణం తగిలినప్పుడు మంచి కణమూ దెబ్బతింటుంది, చెడ్డ కణమూ దెబ్బతింటుంది. మంచి కణానికి తన దెబ్బను బాగుచేసుకొనే శక్తి ఎక్కువ. రాత్రి గడిచి తెల్లవారేసరికి అది చాలవరకు తేరుకుంటుంది. చెడ్డ కణం అంతగా తేరుకోలేదు. మరునాడు మళ్లీ దెబ్బ. ఇట్లా ప్రతి దినం తేడా పెరుగుతూ పోతుంది. మెదడు విషయంలో ఇది మరీ ముఖ్యం. చర్మం పోతే మళ్లీ వస్తుంది, మెదడు కణం పోతే తిరిగి రావడం కష్టం. అందుకనే మెదడుకు ఒక్కొక్క సిట్టింగులో ఇచ్చేది తక్కువ, సిట్టింగులు ఎక్కువ.

కోబాల్టు వచ్చినది

డీప్ ఎక్స్‌రేలో ఒక పెద్ద లోపం ఉండెను. దాని బలమంతా పైచర్మం మీదనే పడేది. పైగా ఎముక ఆ కిరణాన్ని ఎక్కువగా పీల్చుకొనేది. మెదడు చుట్టూ ఉన్నది పుర్రె ఎముకనే కదా! లోపలి గడ్డకు చేరేలోగా చర్మం కమిలిపోయేది.

1951లో కెనడా దేశంలో కోబాల్టు–60 అనే పదార్థంతో నడిచే యంత్రాలు వచ్చినవి. అణు రియాక్టరులో తయారయ్యే ఈ కోబాల్టు కిరణం బలమైనది. దాని పూర్తి తాకిడి చర్మం మీద కాక, అర సెంటీమీటరు లోపల మొదలవుతుంది. ఎముక కూడా దానిని ప్రత్యేకంగా పీల్చుకోదు. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో 1957లోనే కోబాల్టు యంత్రం వచ్చినది. తర్వాత దశాబ్దాలలో మన దేశపు సర్కారు దవాఖానాలలో కోబాల్టే బీదవారి దిక్కయినది. మన భాభా అణు పరిశోధన కేంద్రం వారు కూడా 'భాభాట్రాన్' అనే పేరుతో స్వదేశీ కోబాల్టు యంత్రాన్ని తయారుచేసినారు.

కోబాల్టుకు ఒక స్వభావమున్నది. సుమారు అయిదుంబావు సంవత్సరాలకు దాని బలం సగమైపోతుంది. అనగా కొత్తలో రెండు నిమిషాలు పెడితే చాలిన చోట, అయిదేండ్లు దాటిన తర్వాత నాలుగు నిమిషాలు పెట్టాలి. ఒక రోగికి రెట్టింపు సమయం పడితే వరుసలో ఉన్న అందరికీ ఆలస్యమే. కొత్త మూలకం తెప్పించాలంటే ఖర్చు. సర్కారు దవాఖానాలలో వరుసలు పొడుగు కావడానికి ఇదీ ఒక కారణమని గ్రహించాలి.

కోబాల్టుకు పోటీగా వచ్చినది లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం. లండన్‌లోని హామర్‌స్మిత్ దవాఖానాలో 1953లో దీనితో మొదటి రోగికి వైద్యం చేసినారు. దీనిలో అణుపదార్థం ఉండదు. విద్యుత్తుతోనే బలమైన ఎక్స్‌రే పుడుతుంది. స్విచ్చి ఆపితే కిరణం ఆగిపోతుంది. నేడు హైదరాబాదులో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే. ఆ విధంగా చూస్తే జనం పెట్టిన కరెంటు అనే పేరు పూర్తిగా తప్పు కాదు!

మేలు ఉన్నదా? లెక్క తేలిన సంగతి

యంత్రాలు బాగుపడినవి సరే, మెదడు క్యాన్సర్ గడ్డకు దీని వల్ల నిజంగా ఆయుష్షు పెరుగుతుందా అనే ప్రశ్నకు చాలకాలం గట్టి జవాబు లేకుండెను. పెద్దవారి మెదడులో పుట్టే క్యాన్సర్ గడ్డలలో ఎక్కువగా కనిపించేదీ, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ గ్లియోబ్లాస్టోమా. అది చెట్టు వేళ్ల వలె మంచి మెదడులోనికి పాకి ఉంటుంది. ఎంత గొప్ప సర్జన్ అయినా కంటికి కనిపించే గడ్డను తీయగలడు గాని, పాకిన వేళ్లనన్నిటినీ తీయలేడు. మిగిలిన వాటి కొరకే కిరణాలు.

అమెరికాలోని కొన్ని దవాఖానాలు కలిసి 303 మంది రోగులతో పరీక్ష జరిపి, ఫలితాలను 1978లో ప్రకటించినవి. ఆపరేషన్ తర్వాత కిరణాలు గాని, క్యాన్సర్ మందు గాని ఇవ్వక మామూలు సంరక్షణ మాత్రమే చేసిన వారిలో సగం మంది 14 వారాలు దాటలేదు. కిరణాలు పెట్టిన వారిలో సగం మంది సుమారు 35 వారాలు దాటినారు. అనగా రెట్టింపు కంటే ఎక్కువ. మెదడు గడ్డకు కిరణ వైద్యం అవసరమని లోకమంతా ఒప్పుకొన్నది ఇటువంటి లెక్కల తర్వాతనే.

తర్వాతి ప్రశ్న, ఎంత పెట్టాలి? ఆ రోజులలో కొలత 'రాడ్'. ఇప్పుడు నూరు రాడ్‌లను ఒక 'గ్రే' అంటున్నారు. 1979లో వెలువడిన లెక్క ప్రకారం 5000 రాడ్‌లు పెట్టినవారిలో సగం మంది 28 వారాలు, 6000 రాడ్‌లు పెట్టినవారిలో సగం మంది 42 వారాలు దాటినారు. 1991లో బ్రిటన్ డాక్టర్లు కూడా 45 గ్రే కంటే 60 గ్రే మేలని చూపించినారు. అంతకు మించి పెంచి చూస్తే అదనపు ఆయుష్షు రాలేదు. కనుక రోజుకు రెండు గ్రే, వారానికి అయిదు రోజులు, మొత్తం ముప్పై సిట్టింగులు, ఆరు వారాలు అనే పద్ధతి స్థిరపడినది. మన డాక్టరు చీటీ మీద వ్రాసే '60 గ్రే, 30 సిట్టింగులు' అనే రెండు అంకెల వెనుక ఇంతమంది రోగుల చరిత్ర ఉన్నది.

ఎక్కడ పెట్టాలి?

మొదట్లో గడ్డ ఎక్కడివరకు ఉన్నదో చూసే సాధనం లేక తల మొత్తానికి కిరణాలు పెట్టేవారు. బ్రతికినవారికి తర్వాత జ్ఞాపకశక్తి తగ్గేది, చురుకుదనం పోయేది. 1971 అక్టోబరులో లండన్ నగరంలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ స్కాన్ యంత్రంతో మొట్టమొదటి రోగి మెదడును చూసినారు. ఆ పనికి ఆయనకు 1979లో నోబెల్ బహుమతి వచ్చినది. పుర్రె తెరవకుండానే మెదడు లోపల కనిపించడం వైద్యంలో ఒక పెద్ద మలుపు. 1980లో అమెరికా డాక్టర్లు ఇద్దరు స్కానులు పరీక్షించి, వైద్యం తర్వాత గడ్డ తిరిగి వచ్చినా, చాలమందిలో మొదటి గడ్డకు రెండు సెంటీమీటర్ల లోపలనే వస్తున్నదని చూపించినారు. అప్పటి నుండి తల మొత్తానికి పెట్టడం తగ్గి, గడ్డకూ దాని అంచులకూ మాత్రమే పెట్టే పద్ధతి వచ్చినది. తర్వాత ఎం.ఆర్.ఐ. వచ్చి ఇంకా స్పష్టత ఇచ్చినది. ఇప్పుడు కంప్యూటరు సాయంతో కంటి నరాన్ని, మెదడు కాండాన్ని తప్పించి కిరణాన్ని మలుస్తున్నారు.

మన హైదరాబాదులో ఇటువంటి చిత్రాలను చదివే విద్యకు పేరు తెచ్చిన వారు డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు. కృష్ణా జిల్లాలో 1925లో పుట్టి, అమెరికాలో రేడియాలజిస్టుగా ఖ్యాతి గడించి, తిరిగి వచ్చి పంజాగుట్టలోని నిమ్స్‌కు డైరెక్టరుగా దాని రూపు మార్చినారు. 2021లో స్వర్గస్థులైనారు. ఎముకల దవాఖానాగా మొదలైన ఆ సంస్థ మెదడు ఆపరేషన్లకు, క్యాన్సర్ వైద్యానికి కూడా మన రాష్ట్రంలో పెద్ద దిక్కయినది. అటు తర్వాత 2000 సంవత్సరంలో బంజారా హిల్స్‌లో బసవతారకం ఇండో–అమెరికన్ క్యాన్సర్ హాస్పిటల్‌ను ప్రధాని వాజ్‌పేయి గారు ప్రారంభించినారు. క్యాన్సర్‌తో మరణించిన తన భార్య పేరిట దవాఖానా ఉండాలన్నది ఎన్.టి. రామారావు గారి కోరిక. మెహదీ నవాజ్ జంగ్ గారు ఇల్లు కట్టుకొన్న కొండల మీదనే నగరానికి మరొక క్యాన్సర్ దవాఖానా వెలిసినది!

ఈ ఇరవై యేండ్లలో వచ్చిన మార్పులు

2005లో ఐరోపా, కెనడా డాక్టర్లు 573 మంది రోగులతో చేసిన పరీక్ష ఫలితం వచ్చినది. కిరణాలతో పాటు టెమోజోలమైడ్ అనే బిళ్లలు ఇస్తే, రెండేండ్లు దాటి బ్రతికినవారు నూటికి 10 నుంచి 26కు పెరిగినారు. నేటికీ గ్లియోబ్లాస్టోమాకు మూల వైద్యం ఇదే. ఇది పూర్తిగా నయం చేసే వైద్యమని మేము చెప్పజాలము. కాలాన్ని పెంచే వైద్యం. ఆ కాలంలో ఒక బిడ్డ పెండ్లి చూడవచ్చును, ఆస్తి కాగితాలు సర్దుకోవచ్చును, పిల్లలతో మాట్లాడవచ్చును. ఆ నెలల విలువ ఆ ఇంటివారికే తెలుసు.

ముసలివారి సంగతి వేరు. అరవై యేండ్లు దాటిన రోగులపై 2004లో వచ్చిన పరీక్షలో, ఆరు వారాల పద్ధతికీ, మూడు వారాలలో పదిహేను సిట్టింగుల పద్ధతికీ ఆయుష్షులో తేడా కనిపించలేదు. తర్వాత 2017లో ఆ మూడు వారాల పద్ధతికి బిళ్లలు కలిపితే మేలని తేలినది. కనుక మన పెద్దవారికి డాక్టరు "పదిహేనే చాలు" అంటే, "బీదవాళ్లమని తగ్గించినారు" అనుకోరాదు. అది లెక్క చూసి చెప్పిన మాట.

అన్ని గడ్డలూ ఒకటి కావు. ఆలిగోడెండ్రోగ్లియోమా అనే జాతిలో, కొన్ని జన్యు గుర్తులున్న వారికి కిరణాలకు మందులు జోడిస్తే సగం మంది పద్నాలుగేండ్లకు పైగా బ్రతికినట్లు 2013లో తేలినది. కిరణాలు మాత్రమే పెట్టినవారిలో అది ఏడేండ్లే. అందువల్ల గడ్డ ముక్కను పరీక్షించిన బయాప్సీ రిపోర్టు ఇంటి దస్తావేజు వలె దాచుకోవలసిన కాగితం. ఇక ఊపిరితిత్తుల నుంచో, రొమ్ము నుంచో మెదడుకు పాకిన క్యాన్సర్ వేరే లెక్క. అవి ఒకటి రెండే ఉంటే వాటికే గురిపెట్టి ఒకటి రెండు సిట్టింగులలో ముగిస్తారు, ఎక్కువ ఉంటే తల మొత్తానికి పెడతారు. ఒకరి వైద్యాన్ని మరొకరి వైద్యంతో పోల్చి కంగారు పడరాదు.

మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ సంగతి

ముప్పై సిట్టింగులంటే ముప్పై సార్లు పోవడం, ముప్పై సార్లు రావడం. తలలో గడ్డ ఉన్న మనిషికి ఫిట్స్ రావచ్చును, ఒక కాలు ఈడ్చుకపోవచ్చును, చూపు తగ్గవచ్చును. అట్లాంటి మనిషిని కిక్కిరిసిన బస్సులో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి మీదుగా నాంపల్లి దాకా ఆరు వారాలు తిప్పడమంటే చిన్న పని కాదు. ఆటోకు పెట్టిన డబ్బులు మందులకు మించిపోయేవి. ఇంటి యజమానికే జబ్బు వస్తే తోడు పోయే కొడుకు కూలి కూడా పోయేది. వైద్యం మధ్యలో మానడానికి భయం ఒక కారణమైతే, ఈ రాకపోకలు రెండవ కారణం.

2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రో రైలు మొదలైనది. ఎల్.బి.నగర్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారంబాగ్, మలక్‌పేట మీదుగా పోయే ఆ రైలు ఎక్కడా మారకుండానే నాంపల్లికీ, లక్డీకాపూల్‌కూ పోతుంది. రెడ్‌హిల్స్ దవాఖానా ఆ రెంటికీ దగ్గర. ఇంకా ముందుకు పోతే ఎర్రమంజిల్, పంజాగుట్ట, అక్కడ నిమ్స్. స్టేషన్లలో లిఫ్టులున్నవి. నిలబడలేని రోగికి ఇది ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. ఎల్.బి.నగర్‌లో కామినేని, మలక్‌పేటలో యశోద వంటి పెద్ద దవాఖానాలు రావడంతో, పట్నం నడిమికి పోకుండానే చూపించుకొనే వీలు కూడా మన వైపు కలిగింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండిన చోట పెద్ద సర్కారు దవాఖానాకు 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది.

ఇంకొక విషయం. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులకు నగరంలో మొదటి మజిలీ మన ఎల్.బి.నగరే. ఆ జిల్లాల నుంచి క్యాన్సర్ వైద్యానికి వచ్చే చుట్టాలు మన ఇండ్లలోనే దిగుతారు. ఆరు వారాలు ఒక రోగికి ఒక మంచం, రెండు పూటల అన్నం ఇవ్వగలిగిన ఇల్లు ఆ వైద్యంలో సగభాగం చేసినట్లే.

ఖర్చు విషయానికి వస్తే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ వైద్యం, కిరణ వైద్యం చేరి ఉన్నవి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి పది లక్షల రూపాయలకు పెంచినారు. ఏ దవాఖానాలో ఏ వైద్యం వర్తిస్తుందో అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగాలి. ఊరికే అప్పు చేయరాదు.

ఇంటివారు తెలుసుకోదగిన నాలుగు మాటలు

మొదటిది: ముఖానికి ప్లాస్టిక్ జాలీ వంటి మాస్కు చేస్తారు. తల కదలకుండా ఉండడానికే అది. అది చర్మానికి అతుక్కొని ఉండాలి గనుక ఆ కాసేపు టోపీ, దుపట్టా తీయవలసి ఉంటుంది. స్త్రీలకు సంకోచముంటే ముందుగానే అక్కడి సిస్టరుతో మాట్లాడుకోవచ్చును. యంత్రం క్రింద పడుకొనేది కొద్ది నిమిషాలే. గదిలో ఒంటరిగా ఉన్నా, బయట నుంచి కెమెరాలో చూస్తూనే ఉంటారు.

రెండవది: బయటి నుంచి కిరణం పెట్టించుకొన్న మనిషి ఒంటిలో కిరణం మిగిలి ఉండదు. నానమ్మ దగ్గరికి మనవలను పోనివ్వకపోవడం, ఆమె పళ్లెం వేరు చేయడం అవివేకం, అన్యాయం కూడా. క్యాన్సర్ అంటువ్యాధి కాదు.

మూడవది: కిరణం పడిన చోట వెంట్రుకలు రాలుతాయి. నీరసం, మగత వస్తాయి. మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ మందు షుగరు పెంచుతుంది. మన ఇండ్లలో షుగరు లేని ఇల్లు అరుదు. కనుక షుగరు తరచు చూపించాలి. ఆ మందును గాని, ఫిట్స్ మందును గాని స్వంతంగా ఆపరాదు. రంజాన్ నెల మధ్యలో పడితే మందుల వేళల సంగతి డాక్టరుతో ముందే మాట్లాడాలి. కొన్ని నెలలకో సంవత్సరాలకో మతిమరుపు, మందకొడితనం రావచ్చును. అది మొండితనమని రోగిని కసురుకోరాదు.

నాలుగవది: మొదలుపెట్టినది పూర్తి చేయాలి. యంత్రం చెడిపోయి ఒక రోజు ఆగితే ఆ లోటును డాక్టరు సర్దుతారు. మనమే చెప్పకుండా మానితే సర్దేవారు ఉండరు. రోగి మరీ క్షీణించి ఈ వైద్యం ఓర్చుకోలేడని డాక్టరు చెబితే అది కూడా వినాలి. అప్పుడు నొప్పి తగ్గించి, మనిషిని నెమ్మదిగా ఉంచే వైద్యం ఉన్నది. అదీ వైద్యమే.

మా మనవి

ఒక గ్రాము లక్ష డాలర్లు పలికిన రోజులలో ఈ వైద్యం మొదలైనది. కండ ఏది, గడ్డ ఏది తెలియక తల మొత్తాన్ని కాల్చిన రోజులు దాటింది. ఎంత పెట్టాలో, ఎక్కడ పెట్టాలో శాస్త్రజ్ఞులు నూరేండ్లు శ్రమించి తేల్చినారు. మన నగరంలో దానికి ఒక గడపను నవాబు మెహదీ నవాజ్ జంగ్ గారు ఏర్పాటు చేసిపోయినారు. ఇక రోగిని ఆ గడప దాకా ముప్పై రోజులు చేర్చే పని శాస్త్రజ్ఞులది కాదు, నవాబులది కాదు. అది మనది.

ప్రతి గల్లీలో స్కూటరు ఉన్న కుర్రవారు, తీరిక ఉన్న రిటైర్డు ఉద్యోగులు ఉన్నారు. వారానికి ఒక్క రోజు ఒక రోగిని స్టేషను దాకా తీసుకపోయి, దవాఖానాలో చీటీ కట్టి, తిరిగి ఇంటికి చేర్చడానికి అయిదుగురు ముందుకు వస్తే ఒక రోగి వైద్యం మధ్యలో ఆగదు. వారానికి సిట్టింగులు కూడా అయిదే కదా! సభ్యులు ఈ విషయం తమ ఇండ్లలో, గల్లీలలో మాట్లాడగలరని, ఎవరింట్లోనైనా ఈ కష్టం ఉంటే దాచుకోక సొసైటీ వారికి తెలుపగలరని కోరుచున్నాము.